చలికాలం సైకిల్: జాకెట్ కొనే ముందు లోపలి బనియన్ మార్చండి

ప్రశ్న: రోజూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తాను. పోను 12 కిలోమీటర్లు, రాను 12. మిగతా కాలాల్లో ఏ ఇబ్బందీ లేదు కానీ చలికాలం వచ్చిందంటే టెన్షన్ మొదలవుతుంది. ఉదయం బయల్దేరే వేళకు 4 డిగ్రీలు ఉంటుంది. కాటన్ బనియన్, దాని మీద చొక్కా, స్వెటర్, ఆపైన మందపాటి జాకెట్ వేసుకుంటాను. పావుగంట తిరక్కుండానే లోపల చెమటతో తడిసిపోతాను. ఎక్కడైనా సిగ్నల్ దగ్గర ఆగితే ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టిస్తుంది. వేళ్లు మాత్రం మొదటి నుంచీ కొంకర్లు పోయే ఉంటాయి. ఒంట్లో ఉక్క, వేళ్లకు చలి! ఇదేమిటో అర్థం కావడం లేదు. ఖరీదైన జాకెట్ ఒకటి కొంటే సరిపోతుందా? అమ్మ మంకీ క్యాప్ పెట్టుకోమంటుంది. అది పెట్టుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉందండీ. "ఒంట్లో ఉక్క, వేళ్లకు చలి" అన్నారు చూడండి, చలిలో సైకిల్ తొక్కేవాళ్లలో చాలామంది బాధ అదే. బట్టలు తక్కువై కాదు, ఉండాల్సిన చోట లేక వచ్చే బాధ అది. మీరు ఛాతీ మీద నాలుగు పొరలు వేశారు. చేతుల సంగతి ఒక్క మాటైనా రాయలేదు. జాకెట్ ఇప్పుడే కొనకండి.

సైకిల్ తొక్కేటప్పుడు మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో, అంతకన్నా తక్కువో మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అంటే తొక్కుతున్నంతసేపూ మీ ఒంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఆ వేడి ఎక్కువగా పుట్టేది తొడల్లో, తెలిసేది ఛాతీలో, వీపు మీద. హ్యాండిల్ పట్టుకుని కదలకుండా ఉండే వేళ్లకు మాత్రం ఆ పని లేదు. పైగా అవి అందరికన్నా ముందు గాలికి ఎదురుగా ఉంటాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒళ్లు చల్లబడుతోందని శరీరానికి అనిపించగానే గుండె, ఊపిరితిత్తులు ఉన్న నడిమి భాగాన్ని కాపాడుకోవడానికి చేతివేళ్లకు, కాలివేళ్లకు వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. మీ బనియన్ తడిసి వీపు చల్లబడిన ప్రతిసారీ ఆ నష్టం వేళ్లకు తగులుతుంది. అందుకే గ్లవుజుల కన్నా కూడా ముందు బనియన్ గురించి చెబుతాను.

ఒక పని చేయండి. రేపు ఆఫీసుకు చేరగానే ఆ కాటన్ బనియన్ విప్పి, వీపు దగ్గర గుడ్డను రెండు చేతులతో పట్టుకుని చూడండి. బరువుగా, చల్లగా, ఒంటికి అతుక్కునేలా ఉంటుంది. నూలు నీటిని పీల్చుకుంటుంది, త్వరగా వదలదు. ఎండాకాలంలో మనకు హాయినిచ్చే గుణం అదే, చలికాలంలో మన మీదకు తిరగబడేదీ అదే. గుడ్డ పోగుల మధ్య నిలిచే గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. గాలి కన్నా నీటిలోంచి వేడి 20 రెట్లకు పైగా సులువుగా పారుతుంది, కాబట్టి ఆ గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే ఒంట్లో వేడి చాలా వేగంగా బయటికి పోతుంది. దాని మీద ఎంత మంచి జాకెట్ వేసినా తడి బనియన్ తడి బనియనే.

దాని బదులు ఒంటికి పట్టినట్టు ఉండే ఫుల్ హ్యాండ్స్ పాలిస్టర్ బనియన్ గానీ, మెరినో అనే జాతి గొర్రెల ఉన్నితో చేసిన బనియన్ గానీ వేసుకోండి. పాలిస్టర్ పోగు నీటిని దాదాపుగా పీల్చదు. చెమట గుడ్డంతా పరుచుకుని పై పొరకు చేరి ఆరిపోతుంది. ఉన్ని సంగతి వేరు. అది తేమను పోగు లోపలికి తీసుకుంటుంది, కానీ ఒంటికి తడి తెలియనివ్వదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. మెరినో పోగు సన్నగా ఉంటుంది కాబట్టి మామూలు ఉన్నిలా గుచ్చుకోదు, రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు. పాలిస్టర్ అలా కాదు, ప్రతిరోజూ ఉతకాల్సిందే. మీకు రోజూ ఉతికే వీలుంటే పాలిస్టర్ చాలు. లేదంటే నేనైతే మెరినోకే ఓటేస్తాను. ఏదైనా సరే వదులుగా ఉండకూడదు. ఒంటికి తగలని బనియన్ చెమటను లాగలేదు. ఇలాంటి బట్టలు ఉతికేటప్పుడు మెత్తదనం కోసం కలిపే కండిషనర్ వాడకండి. అది పోగుల మీద పూతలా పేరుకుని చెమట లాగే గుణాన్ని దెబ్బతీస్తుంది.

దాని మీద పల్చటి ఫ్లీస్ (నూగు ఉండే మెత్తటి పాలిస్టర్ గుడ్డ) గానీ, మీ దగ్గరున్న ఉన్ని స్వెటర్ గానీ ఒక్కటి. రెండు కాదు. చొక్కా సంచిలో పెట్టుకుని వెళ్లండి.

ఇక మూడోది గాలిని ఆపే పొర. మీరు 4 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, బయట ఆకు కదలకపోయినా మీకు మాత్రం ఆ వేగంతో ఎదురుగాలి తగులుతుంది. వాతావరణ శాఖలు వాడే లెక్క ప్రకారం అప్పుడు బట్ట కప్పని చర్మానికి అది దాదాపు సున్నా డిగ్రీల చలి. వాలు మీద వేగం 40కి చేరితే మైనస్ 2. స్వెటర్ అల్లిక సందుల్లోంచి ఈ గాలి సూటిగా దూరుతుంది. దీన్ని ఆపడానికి మందం అక్కర్లేదు, సందులు లేకపోతే చాలు. మడిస్తే పిడికిట్లో పట్టే విండ్‌చీటర్ ఒకటి, ఇంత లావు జాకెట్ చేయలేని పని చేస్తుంది. పర్వతాల్లో పోటీలు చేసే సైక్లిస్టులు శిఖరం చేరగానే రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర పాత న్యూస్‌పేపర్ అందుకుని, జెర్సీ లోపల ఛాతీ మీద దోపుకుని దిగడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కొత్త బట్ట కొనేలోపు మీరూ ఆ పని చేసి చూడండి. రెండు మూడు కాగితాలు మడిచి స్వెటర్ కింద పెట్టుకుంటే గాలి ఎంత తేడా చేస్తోందో మొదటి కిలోమీటర్‌లోనే తెలుస్తుంది.

విండ్‌చీటర్ కొనేటప్పుడు ముందు భాగం గాలి ఆపేలా, వీపు, చంకల కింద గాలి ఆడేలా ఉన్నది చూడండి. గాలి ముందునుంచే కదా వచ్చేది, వీపు ఊపిరి పీల్చుకోవాలి. వర్షానికి ఆగే రెయిన్‌కోట్‌నే చలికీ వాడదామని చాలామంది అనుకుంటారు. మామూలు ప్లాస్టిక్ రెయిన్‌కోట్ బయటి నీటిని ఎంత బాగా ఆపుతుందో లోపలి ఆవిరినీ అంత బాగా ఆపుతుంది. పావుగంటలో లోపల వాన కురిసినట్టవుతుంది. గోర్‌టెక్స్ లాంటి ఊపిరి పీల్చే గుడ్డలు మెరుగే. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు పుట్టే చెమటంతా బయటికి పంపడం వాటివల్ల కూడా కాదు. వాన రోజుకు అది, పొడి చలికి విండ్‌చీటర్, రెండూ వేరుగా ఉంటేనే మంచిది.

జిప్పు మెడ నుంచి కిందిదాకా పూర్తిగా తెరుచుకునేలా ఉండాలి. ఎత్తు రాగానే, చెమట పట్టకముందే సగం దించండి. వాలు మొదలయ్యే ముందే పైకి లాగండి. ఈ "ముందే" అన్నది చాలా ముఖ్యం. 1988 జూన్ 5న, ఇటలీలో రోజుకో దశ చొప్పున వారాల పాటు జరిగే జీరో దితాలియా అనే సైకిల్ పోటీలో గావియా కనుమ మీద మంచు తుఫాను విరుచుకుపడింది. యోహాన్ వాన్ డెర్ వెల్డె అనే డచ్ సైక్లిస్టు పొట్టి చేతుల జెర్సీలోనే అందరికన్నా ముందు శిఖరం చేరాడు. ఎక్కేటప్పుడు ఒంట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి చలి తెలియలేదు. దిగేటప్పుడు పెడల్ కొట్టే పని ఆగిపోయింది, గాలి పెరిగింది. గమ్యం చేరేసరికి ముప్పావుగంటకు పైగా వెనకబడిపోయాడు. అదే రోజు అమెరికన్ సైక్లిస్టు ఆండీ హ్యాంప్‌స్టెన్ తన టీమ్ సిద్ధం చేసిన మందపాటి గ్లవుజులు, చలి బట్టలతో అదే దారిలో దిగి, ఆ రోజు దశలో రెండో స్థానంలో నిలిచి, మొత్తం పోటీలో ముందంజవేసి, చివరికి ఆ ఏటి జీరో దితాలియానే గెలిచాడు. ఆఫీసు దారిలో గావియా ఉండదు, నిజమే. కానీ ఫ్లైఓవర్ ఎక్కి దిగడంలో జరిగేది చిన్న ఎత్తున అదే.

బయల్దేరే వేళకు కొంచెం చలిగా అనిపించాలి. గుమ్మం దాటగానే వెచ్చగా, హాయిగా ఉందంటే బట్టలు ఎక్కువయ్యాయని లెక్క. మొదటి పది నిమిషాలు ఓర్చుకోండి. మీరు బట్టలు వేసుకోవాల్సింది గుమ్మం దగ్గరి చలిని చూసి కాదు, నాలుగో కిలోమీటర్ దగ్గర మీ ఒళ్లు ఎలా ఉంటుందో దాన్ని బట్టి. ఈ నియమం నడుముకీ, ఛాతీకీ మాత్రమే సుమా. చేతులకు అస్సలు వర్తించదు.

చేతుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఎందుకంటే ఇది సుఖం గురించి కాదు, ప్రాణం గురించి. కొన్నేళ్ల కిందట ఒక చలికాలం ఉదయం, పల్చటి నూలు గ్లవుజులతో బయల్దేరాను. మంచు కురిసి గ్లవుజులు తడిశాయి. వేళ్లు మొదట మండాయి, తర్వాత నొప్పి పుట్టింది, ఆ తర్వాత నొప్పి పోయింది. నొప్పి పోయిందని సంతోషపడ్డాను. వాలు దిగువన ఒక ఆటో అడ్డం వస్తే బ్రేక్ పట్టబోయాను. వేళ్లు లివర్ మీదే ఉన్నాయి, కళ్లకు కనిపిస్తున్నాయి, ముడుచుకోవు. చివరికి రెండు మణికట్లూ లివర్ మీదకు నొక్కి, కాళ్లు నేలకు రాస్తూ ఎలాగో ఆపాను. ఇంటికి చేరాక తాళం చెవి తిప్పడానికి రెండు అరచేతుల మధ్య పెట్టుకోవాల్సి వచ్చింది. నొప్పి తగ్గడం మంచి గుర్తు కాదు. స్పర్శ పోతోందని దానర్థం. వేళ్లు మొద్దుబారితే ఆగండి. గ్లవుజులు తీసి చేతులు చంకల కింద పెట్టుకుని వెచ్చబెట్టుకోండి. గట్టిగా రుద్దకండి. ఆఫీసు ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఫ్రాన్స్ దేశపు గొప్ప సైక్లిస్టు బెర్నార్ ఇనో 1980లో బెల్జియంలోని లియేజ్-బాస్తోన్-లియేజ్ పోటీని మంచు కురుస్తుండగా గెలిచాడు. 174 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 21 మంది. రెండోవాడి కన్నా 9 నిమిషాలకు పైగా ముందున్నాడు. ఆ రోజు చలికి దెబ్బతిన్న రెండు వేళ్లు మాత్రం ఆ తర్వాత ఎప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. అంతటి మనిషికే అలా జరిగింది.

మీ 4 డిగ్రీలకు గాలి ఆపే ఫుల్ గ్లవుజులు, లోపల పల్చటి ఉన్ని లేదా పాలిస్టర్ గ్లవుజులు వేసుకోండి. రెండు పొరల వల్ల ఇంకో లాభం ఉంది: తాళం తీయడానికో, ఫోన్ చూడటానికో పైది తీసినా చెయ్యి పూర్తిగా గాలికి తగలదు. గ్లవుజు బిగుతుగా ఉండకూడదు. వేలి చివర కాస్త ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోని గాలే మీకు దుప్పటి. కొనేముందు తొడుక్కుని సైకిల్ బ్రేక్ పట్టి చూడండి. రెండు వేళ్లతో లివర్ సులువుగా లాగగలగాలి, గేర్ మార్చగలగాలి. సున్నాకు దిగువన అయితే వేళ్లు జంటలుగా కలిసి ఉండే పీత కొండి ఆకారం గ్లవుజులు వస్తాయి. పక్కపక్కన ఉన్న వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి, బ్రేక్ పట్టడానికీ ఇబ్బంది ఉండదు. గ్లవుజు అంచు జాకెట్ చేతి అంచును కప్పేంత పొడుగుండాలి. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ వేలెడు సందు ఉన్నా వేళ్లకు వెళ్లే రక్తం చల్లబడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గ్లవుజులు ఇంట్లోనే తొడుక్కోండి. సైకిల్ తాళం తీసి, లైట్లు పెట్టి, గేటు వేసి అప్పుడు తొడుక్కుంటే చల్లబడ్డ చెయ్యిని గ్లవుజులో పెట్టినట్టే. గ్లవుజు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుంది, అంతే.

చలి తగలగానే మీ వేళ్లు పాలిపోయి, తెల్లగా అయిపోయి, తర్వాత నీలంగా, ఎర్రగా మారుతుంటే ఒకసారి డాక్టర్‌కు చూపించండి. కొందరికి రక్తనాళాలు మామూలు కన్నా ఎక్కువగా బిగుసుకునే తత్వం ఉంటుంది. అది గ్లవుజులతో తీరేది కాదు.

పాదాల విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటే, మూడు జతల సాక్సులు కుక్కి బూటు బిగించడం. బిగిస్తే రక్తం ఆడదు, సాక్సులెన్ని ఉన్నా కాళ్లు చల్లబడతాయి. ఒక్క జత మందపాటి ఉన్ని సాక్సులు, వేళ్లు కదిలేంత వదులున్న బూట్లు. స్పోర్ట్స్ షూ ముందు భాగమంతా గాలి సందులే కాబట్టి పైన బూటు తొడుగు వేసుకోవాలి. మీ సైకిల్‌కు మడ్‌గార్డ్‌లు లేకపోతే ముందు అవి పెట్టించండి, తడి రోడ్డు నుంచి ముందు చక్రం చిమ్మే నీళ్లన్నీ పాదాల మీదకే వస్తాయి.

కాళ్లకు పెద్దగా ఆలోచించక్కర్లేదు, అవి పనిచేసే కండరాలు. మోకాళ్లు మాత్రం కప్పుకోవాలి. అక్కడ కొవ్వు లేదు, కండ లేదు, పైగా రెండూ గాలికి ఎదురుగా పైకీ కిందకీ ఆడుతుంటాయి. లోపల మెత్తటి నూగు ఉండే సైక్లింగ్ టైట్స్ మంచివి. లేదంటే ఆఫీసు ప్యాంటు కింద పల్చటి థర్మల్ వేసుకోండి. జీన్స్ వద్దు, అది కూడా నూలే. వదులు ప్యాంటైతే గొలుసు వైపు కాలికి పట్టీ కట్టుకోండి.

అమ్మ చెప్పిన మంకీ క్యాప్ దగ్గరికి వద్దాం. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందని పెద్దవాళ్లు అంటారు. అది నిజం కాదు, తల మన ఒంట్లో ఎంత భాగమో ఇంచుమించు అంతే, పదో వంతు. కానీ చెవుల విషయంలో అమ్మ మాట అక్షరాలా నిజం. హెల్మెట్ లోపల మందపాటి టోపీ పెడితే హెల్మెట్ తల మీద తేలుతుంది, పడినప్పుడు పక్కకు జారిపోతుంది. దాని బదులు చెవులు కప్పే పల్చటి స్కల్ క్యాప్ గానీ, చెవుల మీదుగా వెళ్లే పట్టీ గానీ పెట్టుకుని, హెల్మెట్ వెనక ఉండే చక్రం తిప్పి, గడ్డం కింద పట్టీ మళ్లీ సరిచూసుకోండి. వెనక వచ్చే బండి చప్పుడు వినిపించాలి కాబట్టి మరీ మందం వద్దు. మెడకు మఫ్లర్ వద్దేవద్దు, కొస జారి చక్రంలో పడితే ప్రమాదం. గొట్టంలా ఉండే మెడ తొడుగు వేసుకోండి. బాగా చలిగా ఉన్నప్పుడు ముక్కు మీదకు లాక్కుంటే పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది ఇంకా అవసరం. చల్లగాలికి కళ్లు నీళ్లు కారి దారి మసకబారకుండా తెల్లద్దాల కళ్లజోడు చాలు.

వీపు మీద బ్యాగు వేసుకుంటే ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ మేర చెమట పడుతుంది. వెనక క్యారియర్‌కు కట్టేయండి. అందులో పొడి బనియన్ ఒకటి ఎప్పుడూ ఉంచండి. ఆఫీసుకు చేరిన వెంటనే మార్చుకుని, తడిది ఎక్కడైనా ఆరేయండి. సాయంత్రం తడి బనియన్ మళ్లీ తొడుక్కుంటే ఉదయం పడ్డ శ్రమంతా వృథా. చలికాలంలో చీకటి త్వరగా పడుతుంది, పైన వేసుకునే పొర లేత రంగుదై, దాని మీద రేడియం పట్టీలు ఉంటే మంచిది.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే ముందు బనియన్, తర్వాత గ్లవుజులు, ఆ తర్వాత విండ్‌చీటర్. 8, 10 డిగ్రీల రోజుల్లో స్వెటర్ తీసేసి బనియన్ మీద నేరుగా విండ్‌చీటర్ వేసుకుని చూడండి, 12 కిలోమీటర్లకు అది సరిపోయే అవకాశమే ఎక్కువ. పొడిగా ఉన్న సున్నా డిగ్రీల కన్నా సన్నటి వానతో కూడిన 3 డిగ్రీలు ఎక్కువ బాధిస్తుంది, కాబట్టి డిగ్రీలు ఒక్కటే చూడకండి. రోడ్డు మీద నీరు గడ్డకట్టిన రోజున మాత్రం ఏ బట్టలూ కాపాడలేవు, ఆ రోజు సైకిల్ తీయకండి.

మీ దగ్గరున్న మందపాటి జాకెట్, అమ్మ ఇచ్చే మంకీ క్యాప్ పక్కన పడేయకండి. జాకెట్ క్యారియర్‌కు కట్టండి, క్యాప్ బ్యాగులో పెట్టండి. ఏదో ఒక రోజు దారిలో టైరు పంక్చర్ అవుతుంది. తొక్కడం ఆగిన ఐదు నిమిషాలకే ఒంట్లో వేడి దిగిపోతుంది. ట్యూబు మార్చడానికి గ్లవుజులు తీయక తప్పదు. చక్రం ఊడదీయక ముందే హెల్మెట్ తీసి ఆ క్యాప్ చెవులదాకా లాక్కుని, జాకెట్ వేసుకుని, జిప్పు గడ్డందాకా లాగి, అప్పుడు పని మొదలుపెట్టండి.